బావి నీళ్లు, బోరింగు నీళ్లు

మొన్న ఎస్వీ యూనివర్సిటీలో చదివే మా వాడ పిల్లోడొకడు ఇంటికొచ్చినాడు. "పెదనాయనా, పాత ఫిలిం కెమెరా ఒకటి కొనాలనుకుంటా ఉండా. దేంతో మొదలుపెట్టేది? డార్క్ రూముకు ఏమేం కావాల?" అని అడిగినాడు. చెప్దామని కూర్చుంటే కెమెరా సంగతి పక్కకు పోయి నీళ్ల సంగతి ముందుకొచ్చింది. వానికి చెప్పిందే మీకూ చెప్తాను.

1984లో పదో తరగతి అయిపోయినాక తిరుపతిలో ఒక ఫోటో స్టూడియోలో చేరినా. కొండ మీద గుండు కొట్టించుకొని దిగొచ్చే కుటుంబాలే మాకు గిరాకీ. ఓనరు నా కులం అడగలేదు. నేనూ చెప్పలేదు.

స్టూడియోలో రెండు రకాల కెమెరాలుండేవి. ఒకటి 120 రోలుది, తల వంచి పైనుంచి చూసే యాషికా. ఆరు సెంటీమీటర్ల చదరం బొమ్మలు, రోలుకు 12 పడతాయి. రెండోది 35 ఎం.ఎం. పెళ్లిళ్లకు అది తీసకపోయేవాళ్లు. రోలుకు 36 బొమ్మలు. కానీ నెగటివ్ చిన్నది, 24కు 36 మిల్లీమీటర్లు. దాన్ని పెద్దది చెయ్యాలంటే ఎన్లార్జరు ఉండాల్సిందే. 120 నెగటివ్‌కు ఆ అవసరం లేదు. కాగితం మీద పెట్టి, పైన అద్దం పెట్టి, కాసేపు లైటేస్తే నెగటివ్ ఎంతుంటే అంత ప్రింటు వస్తుంది. ఈ మాట నేను మనసులో పెట్టుకున్నా.

మెట్ల కింద డార్క్ రూము. వరసగా మూడు ట్రేలు. మొదటిదాంట్లో డెవలపరు, రెండోదాంట్లో కొంచెం యాసిడ్ కలిపిన నీళ్లు, మూడోదాంట్లో హైపో. బ్రోమైడ్ కాగితానికి ఎర్రలైటుతో చెరుపు లేదు. మేము వాడే ఫిలింకు మాత్రం ఏ వెలుగూ తగలకూడదు. కటిక చీకట్లో తడుముకుంటా ఫిలింను చుట్టలోకి ఎక్కించడం ఓనరే నేర్పించినాడు. ఆ చీకట్లో ఆయన చెయ్యీ నా చెయ్యీ ఎన్నిసార్లు తగిలినాయో లెక్క లేదు. ఆయనకేమీ కాలేదు.

డెవలపరు 20 డిగ్రీలుండాల. మే నెలలో తిరుపతి ఎండకు ట్యాంకు నీళ్లు సలసలా కాగుతాయి. వేడి ఎక్కువైతే ఫిలిం మీద పూత మెత్తబడి ఊడొస్తుంది. అందుకని తెల్లారుజామునే లేచి ఓనరు ఇంటి వెనక బావిలో నీళ్లు తోడుకొని పని చేసేవాణ్ణి. హైపోలో నుంచి తీసిన ప్రింటును నీళ్లు మారుస్తా గంటసేపు కడగాల. హైపో మిగిలిపోతే ఆ రోజు ఏమీ తెలియదు. ఏండ్లు గడిచేకొద్దీ బొమ్మ పసుపు తిరిగి వెలిసిపోతుంది.

ఒకరోజు మా ఊరి పెద్దాయన ఒకాయన కూతుర్ని వెంటబెట్టుకొని వచ్చినాడు. పెళ్లి సంబంధాలకు ఫోటో కావాలంట. నన్ను చూసి, "నువ్వు మా మాదిగోళ్ల పిల్లోడివి గదరా, ఈడుండావే?" అన్నాడు. ఓనరు మొగం చూసి నవ్వినాడు.

మర్నాడు తెల్లారి పోతే బావి దగ్గర బొక్కెన లేదు, చేంతాడు లేదు. ఓనరు మెల్లగా చెప్పినాడు. "నిన్ను మానుకోమనడంలేదు. చెయ్యి మంచిది నీది. బావి జోలికి మాత్రం పోవద్దు. ఇంట్లో ఆడోళ్లు ఒప్పుకోరు. నీళ్లు నేను పోయిస్తాలే."

పోయించింది రోజుకు రెండు బక్కెట్లు. ఎన్ని ప్రింట్లున్నా అవే నీళ్లు. మీరే చెప్పండి. వాళ్ల ఆడబిడ్డల బొమ్మలు నా చేతుల్లో తేలొచ్చు, నా చేతులు చేంతాడు పట్టుకోగూడదు. అంటరానితనం నేరమని 1955లోనే చట్టమొచ్చింది. నాకది తెలియదు. తెలిసినా ఆ జీతం పోగొట్టుకునే ధైర్యం అప్పుడు లేదు.

1985 జూలై 17న అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో మాదిగపల్లె మీద పడి ఆరుగుర్ని చంపినారు. స్టూడియోకొచ్చే పేపర్లోనే చదివినా. మొదలు గొడవ ఎక్కడ? మాదిగలు తాగే నీళ్ల చెరువు దగ్గర. ఆ నెల జీతం తీసుకొని మానేసినా. 1927 మార్చి 20న మహద్‌లో అంబేడ్కర్ చెరువు నీళ్లు దోసిట పట్టినాడని ఆ తర్వాత మీటింగుల్లో విన్నా. విన్నప్పుడల్లా నాకు ఆ రెండు బక్కెట్లే మతికొచ్చేవి.

పాత అగ్ఫా క్లిక్ త్రీ ఒకటి, ఊటీ ఫ్యాక్టరీ ఇందు ఫిలిం రోలు ఒకటి కొన్నా. ఆ ఫ్యాక్టరీ ఇప్పుడు మూతబడింది. మా ఇంట్లో కిటికీకి దుప్పట్లు కట్టి, మూడు ప్లాస్టిక్ బేసిన్లు పెట్టినా. ట్యాంకు లేదు గనక చీకట్లో ఫిలిం రెండు కొసలూ పట్టుకొని డెవలపరులో పైకీ కిందికీ ఆడించినా. ఎర్ర జీరో బల్బు కింద, దేవుని పటం నుంచి ఊడదీసిన అద్దంతో ప్రింటు వేసినా.

కడగడానికి నీళ్లు? వాడ మొదట్లో బోరింగు. మా అమ్మ, పిన్నమ్మ వంతులేసుకొని కొట్టినారు. "ఇంకెన్ని కడవలు కావాలో చెప్పు నాయనా" అని అడుగుతానే ఉండారు.

మొదటి ప్రింటు మా అవ్వది. స్టూడియోలో అయితే నెగటివ్ మీద పెన్సిలు రుద్ది మొగం తెలుపు తేల్చేవాళ్లం. నేను రుద్దలేదు. అవ్వ ఆ చిన్న బొమ్మను అరచేతిలో పెట్టుకొని చానాసేపు చూసింది. "నా మొగం నేనింత నిదానంగా ఎప్పుడూ చూసుకోలేదురా" అనింది. అంతకుముందు అవ్వకు ఫోటో లేదు. తాతకు అసలే లేదు.

కొన్నేండ్ల కిందట ఆ పెద్దాయన మనవడు వాళ్లమ్మ ఫోటో తెచ్చినాడు, కాపీ తియ్యమని. మొగమంతా పసుపు తిరిగిపోయింది. "ఎందుకన్నా ఇట్లయింది?" అన్నాడు. "కడగడానికి నీళ్లు చాలలేదు తమ్ముడా" అని చెప్పినా. ఎందుకు చాలలేదో కూడా చెప్పినా. తల వంచుకొని విన్నాడు.

అవ్వ బొమ్మ ఇప్పటికీ అట్లనే ఉంది.

మా పిల్లోనికి చివరికి ఇట్లా చెప్పినా: "120 రోలు కెమెరాతో మొదలుపెట్టు. రోలు ఇప్పటికీ దొరకతా ఉంది. మూడు బేసిన్లు, ఎర్రబల్బు, అద్దం, డెవలపరు, హైపో చాలు. ఎన్లార్జరు తర్వాత చూసుకోవచ్చు. నీళ్లకు మాత్రం ఎవర్నీ అడుక్కోవద్దు. మన బోరింగు ఉండాది."