ఉప్పుగాలిలో ఉలి

పనిముట్లను పాలిథీన్ కవర్లలో చుట్టి దాచేవాళ్లంటే నాకు కోపం. వాళ్లు ప్రేమతోనే చేస్తారు, కాదనను. ఇంటివాళ్లు చాలాకాలంగా ఊళ్లో లేరు, వడ్రంగం గది మూసి ఉంది, ముసురు పట్టేలా ఉంది, ఉలులకి చెమ్మ తగలకూడదు అనుకుని ఒక్కొక్కదాన్నీ కవర్లో దూర్చి, రబ్బరుబ్యాండు బిగించి పెడతారు. కర్నూల్లోనో హైదరాబాద్‌లోనో అయితే చెల్లుతుందేమో. అండమాన్‌లో మాత్రం పనిముట్టుకు అంతకు మించిన అన్యాయం లేదు.

ఇక్కడ ఏడాదికి దాదాపు 3000 మిల్లీమీటర్ల వాన. మే నెలలో నైరుతి మొదలైతే అది సెలవు తీసుకునేలోపు ఈశాన్యం అందుకుంటుంది. డిసెంబరు దాకా తెరిపి తక్కువ. గాలిలో తేమ చాలా నెలలు 80 శాతానికి అటూ ఇటూ. ఇనుము తుప్పెక్కడానికి 60 శాతం దాటితే చాలు, దానికి తోడు సముద్రపు ఉప్పు. ఆ ఉప్పు గాలిలోని తేమను లాగి ఇనుము మీద కంటికి కనిపించని నీటిపొరను నిలబెడుతుంది. కవరు కట్టిన రోజున లోపల చిక్కుకున్నది కూడా ఆ గాలే. రాత్రి చల్లబడగానే తేమ బొట్లు కట్టి ఉక్కుకు అంటుకుంటుంది. పొద్దున్న ఆరిపోదామంటే దారి లేదు. మర్నాటి రాత్రి మళ్లీ అదే. నెలల తర్వాత కవరు విప్పితే ఉలి ముఖం మీద గుంటలు. పైపైన పట్టిన తుప్పు రుద్దితే పోతుంది, గుంట పోదు. గుంట అడుగు తగిలేదాకా మంచి ఉక్కును అరగదీయాలి. మనిషి ఇరవయ్యేళ్లు పదును పెట్టుకుంటూ వాడుకోవలసిన ఉక్కు అలా ఒక్క రోజులో రాయి మీద బురదై పోతుంది. నాకు కోపం రాకేం చేస్తుంది?

కుట్టుమిషన్ నూనె పట్టించిన పాత నూలుగుడ్డ చాలు. ఉలిని అందులో చుట్టి చెక్కపెట్టెలో పెట్టి, ఆ పెట్టెను నేలకు ఎత్తుగా, గోడకు ఎడంగా ఉంచితే గుడ్డ గాలిని రానిస్తుంది, పోనిస్తుంది. నూనె మాత్రం ఉక్కును విడవదు. కొబ్బరినూనె వద్దు. ఈ దీవుల్లో ఇంటింటా ఉంటుంది కనుక చెయ్యి దాని మీదికే పోతుంది కానీ, అది కొన్నాళ్లకు కనరెక్కుతుంది, అందులో పుట్టే ఆమ్లం ఇనుముకు మంచిది కాదు.

సరే, జరగాల్సింది జరిగింది. గది తెరవడానికి జనవరిని మించిన నెల లేదు. గుంటలు పడని తుప్పుకు నిమ్మఉప్పు కలిపిన వేడినీళ్లే మందు. కొన్ని గంటలు నానితే తుప్పు మడ్డిలా వదులుతుంది. తీసి, వంటసోడా నీళ్లతో కడిగి, తుడిచి, ఎండ చూపించి, వెంటనే నూనె రాయాలి. ఇక్కడ ‘వెంటనే’ అంటే నిజంగా వెంటనే. శుభ్రపడిన ఉక్కు మనం భోంచేసి వచ్చేలోపు మళ్లీ ఎర్రబారుతుంది. మోటారు రంపం ఉన్నవాళ్లు స్విచ్చి వేసే తొందర పడకూడదు. వైండింగ్ చెమ్మ పీల్చి ఉంటే కాలిపోతుంది. ఎలక్ట్రీషియన్ చేత ఇన్సులేషన్ చూపించి అప్పుడు వేయాలి.

ఇంతకీ మొదట చేయాల్సింది వీటిలో ఏదీ కాదు. మా పెదనాన్న ఏం చేసేవాడో చెబుతాను.

టెక్కలి వైపు మనిషి ఆయన. విశాఖలో ఓడెక్కి, గోనెసంచిలో ఒక బాడిత, రంపాలు, ఉలులు పెట్టుకుని పోర్ట్‌బ్లెయిర్‌లో దిగాడు. ఆ ఊరి పేరు 2024లో శ్రీ విజయపురం అయింది, నా నోరు మాత్రం ఇంకా పోర్ట్‌బ్లెయిర్ అనే అంటుంది. జ్వరపడి లేచినా, దేశం వెళ్లి వచ్చినా, పని గది తలుపు తీయగానే ఆయన బూజు వైపు చూసేవాడు కాదు. నేను చీపురు పట్టుకుంటే, “గది తర్వాత ఊడుద్దువు గానీ, ముందు రాయి మీదికి నీళ్లు తేరా” అనేవాడు. వెలుతురు పడే గుమ్మంలో కూర్చుని సానరాయిని ముందు చదును చేసేవాడు. రాయి మధ్యలో పల్లం పడితే దాని మీద ఏ ఉలీ తిన్నగా రాదు. తర్వాత ఉలి వీపు. అందరూ ఏటవాలుగా ఉన్న వైపే రుద్దుతారు, వీపు అద్దంలా తేలకపోతే రెండు ముఖాలూ కలిసే చోట అంచు పుట్టదని ఆయన పట్టుదల. అంచున సన్నటి రేకు లేచేదాకా రుద్ది, ఆ రేకును తోలు మీద తీసేసేవాడు. పరీక్షకు పపీతా చెక్క. బొప్పాయి కాదు, ఇక్కడి అడవిలో పెరిగే మెత్తటి కలప చెట్టుకు ఆ పేరు. గట్టి కర్రను మొద్దు ఉలి కూడా బలంతో కోస్తుంది. మెత్తటి చెక్క అడ్డుకోత మీద మాత్రం దాని గుట్టు బయటపడుతుంది. నార చితికి పొడి రాలితే మళ్లీ రాయి మీదికే. ముఖం నున్నగా తేలితేనే ఆ ఉలిని పక్కన పెట్టి, నాకు చీపురు ఇచ్చేవాడు.

ఒక్క పదునైన అంచు ఉంటే గది సిద్ధమైనట్టే అని నేను గట్టిగా నమ్ముతాను. బల్ల కదులుతుంటే ఆ ఉలితోనే కుసి సవరించవచ్చు, బిగిసిన తలుపు అంచును చెక్కవచ్చు. అరలు, రంగులు, కొత్త మెషిన్లు, గోడకు వరసగా తగిలించే కొక్కేలు, వీటితో మొదలుపెట్టినవాళ్లు చాలామంది అక్కడే ఆగిపోతారు. చెయ్యి పని రుచి చూడకుండానే డబ్బూ ఉత్సాహమూ అయిపోతాయి. పదును పెట్టినవాడు ఆ సాయంత్రమే ఏదో ఒకటి కోస్తాడు. అవిసెనూనె పూసే రోజు వస్తే మాత్రం గుడ్డలను ఉండచుట్టి మూల పడేయకండి. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుట్టి గుడ్డ తనంతట తానే అంటుకుంటుంది. దండెం మీద విడివిడిగా ఆరేయండి.

ఉలి సిద్ధమయ్యాక, మూలన నిలబెట్టిన పలకలు ఎలా ఉన్నాయో చూడాలి. ఈ గాలిలో ఎంత ఆరినా కర్రలో 16 శాతం దాకా తేమ నిలుస్తుంది. ఇక్కడ బిగువుగా కూర్చిన పెట్టెను మెట్ట ప్రాంతానికి పంపితే అతుకులు విచ్చుకునేది అందుకే. పలకల మధ్య సన్నటి చెక్కలు పెట్టి, నేలకు ఎత్తుగా పేర్చాలి. పుచ్చు పట్టేది ఎక్కువగా తెల్లచెక్కకే, చేవ జోలికి అంతగా రాదు. 2002లో సుప్రీంకోర్టు ఆదేశాలు వచ్చాక దీవుల్లో నరికివేతకూ, కలపను బయటికి దాటించడానికీ కట్టడి పడింది. మంచి పని జరిగింది. ఇప్పుడు పాత ఇల్లు విప్పితే వచ్చే పడౌక్ దూలానికి గౌరవం పెరిగింది. మేకులు విరిగి లోపల ఉండిపోతాయి కనుక, రంపం పెట్టేముందు అయస్కాంతంతో తడిమి చూడాలి.

పడౌక్ మా దీవుల రాష్ట్రవృక్షం. అది మన ఎర్రచందనానికి, వేగిసకు దగ్గరి చుట్టం, మూడూ ఒకే ప్రజాతి. ఇక్కడివాళ్లు కోకో అనే కలప మన ఊరి దిరిసెనే. నల్లచారల మార్బుల్‌వుడ్ బీడీ ఆకుల తుమికికి వరస అవుతుంది. పైన్మా చెన్నంగికి, దిడు బూరుగుకు. పెదనాన్న ఇవన్నీ పుస్తకం చూసి తెలుసుకోలేదు. కోసిన ముఖం, వాసన, రజను పట్టుకుని చెప్పేవాడు. పోర్ట్‌బ్లెయిర్ నుంచి చాథం దీవికి వంతెన దాటితే 1883లో మొదలైన ప్రభుత్వ రంపపు మిల్లు ఉంది. 1942లో జపాన్ విమానాలు వేసిన బాంబు గుంత ఇప్పటికీ ఆ ఆవరణలో ఉంది. యుద్ధం దెబ్బ తిని కూడా ఆ మిల్లు మళ్లీ నడిచింది. పక్కనే అటవీశాఖ మ్యూజియం. చూడ్డానికి వచ్చినవాళ్లు గుంత దగ్గర ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. నేనైతే మ్యూజియంలోకే వెళ్లమంటాను, అక్కడి చెక్క పనితనం ముందు తీరిగ్గా నిలబడమంటాను. పడౌక్ మొదలు చుట్టూ గోడల్లా లేచే వేరుపలకలు ఉంటాయి కదా, వాటిని చెక్కి ఒక్క అతుకు లేకుండా పెద్ద పెద్ద బల్లలు చేసేవారు. ఆ నార ఒక పొరలో కుడికి, పక్క పొరలో ఎడమకు తిరుగుతుంది. చిత్రిక ఎటు తోసినా సగం నార ఎదురే. అంత వెడల్పున ఎక్కడా పెచ్చు లేవకుండా నున్నగా తేల్చిన వడ్రంగి ఎవరో, ఆ చిత్రిక అంచును రోజుకు ఎన్నిసార్లు రాయికి ఎక్కించాడో నాకు తెలుసుకోవాలని ఉంది.