బొటనవేలి మీద పడ్డ పని

కుడిచేతి వాటం ఉన్న పిల్ల పచ్చడి సీసా మూత ఎడమచేత్తో తిప్పడం మొదలుపెడితే తల్లి కంట్లో పడకుండా పోదు. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. జడ అల్లుకుంటూ కుడిచెయ్యి విదిలించుకోవడం, బొటనవేలు పక్కకి పెట్టేసి మిగతా నాలుగు వేళ్ళతోనే అన్నం కలపడం, నోట్సు రాస్తూ మధ్యమధ్య పెన్ను కింద పడేసి మణికట్టు నొక్కుకోవడం... ఇవన్నీ ఒక్క వారంలో చూశాను. "ఏమైందే?" అంటే "ఏం లేదమ్మా" అంది. ఆడపిల్లలు చెప్పే "ఏం లేదు"కి అర్థం ఏమిటో మనకి తెలియంది కాదు కదా.

పక్కన కూర్చోబెట్టుకుని బతిమాలితే బయటపడింది. రెండు నెలలుగా నొప్పిట. బొటనవేలి మొదట్లో మొదలై మణికట్టు దాకా లాగుతోందిట. మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదే అంటే, "చెప్తే ఫోన్ లాక్కుంటారుగా" అంది.

అది ఆడేది ఫోన్‌లో తుపాకుల ఆట. పేరు ఎందుకులెండి, ఈ తరహా ఆటలన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి. విజయవాడలో మా అక్క కూతురు, బెంగళూరులో మా తమ్ముడి కొడుకు, వైజాగ్‌లో మా ఆడపడుచు కొడుకు, ఇది... నలుగురూ ఒక జట్టు. రాత్రి ఓ గంట ఆడతారు, శని ఆదివారాలు ఇంకాస్త. కాల్పుల మధ్యలోనే కాలేజీ కబుర్లు, తిట్లు, నవ్వులు. మా చిన్నప్పుడు వేసవి సెలవుల్లో అమ్మమ్మగారి అరుగు మీద జరిగినవన్నీ వీళ్ళకి అందులో జరుగుతున్నాయి. ఫోన్ పోతే పోయేది ఆట ఒక్కటే కాదు, అందుకే నోరు మూసుకుని నొప్పి భరించింది.

మావారు రాయదుర్గంలో ఆఫీసు నుంచి వస్తూనే సంగతి విని, "డిలీట్ చేసి పారేస్తే సరి. మార్చిలో పరీక్షలు. మూడేసి గంటలు రాయాల్సిన చెయ్యి" అన్నారు. ఆయన భయం ఆయనది. నాకూ ఉంది ఆ భయం. కానీ ఈసారి ఫోన్ లాక్కుంటే తరవాత వచ్చే ఏ నొప్పీ మా చెవిదాకా రాదన్న భయం అంతకంటే పెద్దదిగా ఉంది. "ముందు చెయ్యి సంగతి చూద్దామండీ, ఫోన్ సంగతి తరవాత" అన్నాను.

కొండాపూర్‌లో ఎముకల డాక్టరుగారు చూసి ఫిజియోథెరపీకి పంపారు. అక్కడున్న ఆవిడ రోజుకి ఎన్ని గంటలు ఆడతావని అడగలేదు. "ఫోన్ ఎలా పట్టుకుంటావో చూపించు" అంది. తరవాత బొటనవేలిని గుప్పెట్లో మూయించి, మణికట్టుని మెల్లగా చిటికెనవేలు వైపు వంచమంది. పిల్ల కుర్చీలోంచి లేచినంత పని చేసింది.

ఈ నొప్పికి పేరు డీ క్వెర్వేన్. 1895లో ఫ్రిట్జ్ డీ క్వెర్వేన్ అనే స్విస్ సర్జన్ దీని గురించి రాశాడు, ఆయన పేరే నిలిచిపోయింది. బొటనవేలిని పక్కకీ పైకీ తీసుకెళ్ళే రెండు టెండన్లు మణికట్టు దగ్గర ఒక సన్నటి దారిలోంచి పోతాయి. లంగా నాడా దాని కుట్టులోంచి పోయినట్టు అనుకోండి. ఆ కుట్టు దళసరెక్కి ఇరుకైతే నాడా లాగినప్పుడల్లా పట్టేస్తుంది. అదే పని మళ్ళీ మళ్ళీ చేస్తే ఇక్కడా అదే అవుతుంది.

ఆవిడ ఇంకో మాట చెప్పింది. ఇంగ్లీషులో దీన్ని 'అమ్మ బొటనవేలు' అని కూడా అంటారట. చంటిపిల్లల చంకల కింద రెండు చేతులూ పెట్టి, బొటనవేళ్ళు చాచి, రోజుకి యాభైసార్లు ఎత్తే తల్లులకి ఇది బాగా వస్తుందిట.

నేను నా చెయ్యి చూసుకున్నాను. ఈ పిల్ల మూడోనెలలో ఉన్నప్పుడు నాకు సరిగ్గా అక్కడే నొప్పి. ఎత్తుకుంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి. బాలింత వాతం అన్నారు, చల్లనీళ్ళలో చెయ్యి పెట్టానన్నారు, మేం కనలేదా పెంచలేదా అన్నారు. ఎవరి మీదా కోపం లేదు, వాళ్ళకి తెలిసింది అంతే. నేనూ ఎడమచేత్తో పనులు నేర్చుకుని, అడిగిన వాళ్ళకి ఏం లేదని చెప్పుకుంటూ గడిపేశాను. పదిహేడేళ్ళ తరవాత, ఆ ఎత్తుకున్న పిల్ల పుణ్యమా అని, నా నొప్పికి ఒక పేరుందని తెలిసింది.

మా అమ్మాయి ఊరుకుంటుందా, ఇంటికొచ్చి ఇంకా వెతికింది. న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అనే పెద్ద వైద్య పత్రికలో 1990లో ఒక డాక్టరు చిన్న ఉత్తరం రాశాడు. వీడియో గేమ్ ఆడి బొటనవేలు నొప్పి తెచ్చుకున్న రోగి గురించి. ఆ జబ్బుకి సరదాగా 'నింటెండినైటిస్' అని పేరు పెట్టాడు. ఆ రోగి ఎవరో తెలుసా? ముప్పై అయిదేళ్ళ ఒక తల్లి. కొడుకు నింటెండో తీసుకుని అయిదు గంటలు ఏకబిగిన ఆడిందిట! "చూశావా, అమ్మలే మొదలుపెట్టారు" అని ఒకటే నవ్వు.

ఇక అసలు పని. ఓ ఆదివారం పొద్దున్న పిల్లని ఆట తెరవమని, ఒక కాగితం మీద ఏ వేలు ఏ పని చేస్తోందో రాశాను. ఎడమ బొటనవేలు మనిషిని నడిపిస్తుంది, అంతే. కుడి బొటనవేలు అటూ ఇటూ చూడాలి, శత్రువు మీద గురి కుదర్చాలి, స్కోప్ తెరవాలి, పేల్చాలి, ఎగరాలి, కూర్చోవాలి, తూటాలు నింపాలి. ఎడమదానికి ఒకటే ఉద్యోగం, కుడిదానికి ఇంటి పెద్దకోడలి ఉద్యోగం! మిగతా ఎనిమిది వేళ్ళూ ఫోన్‌ని మోస్తూ కూర్చున్నాయి. పైగా చిటికెనవేలు ఫోన్ అడుగున ఆనించి మొత్తం బరువు దాని మీదే వేస్తోంది.

మార్చుకునే వీలు లేదా అంటే, బోలెడంత ఉంది. అన్నీ సెట్టింగ్స్‌లోనే ఉన్నాయి.

మొదటిది స్కోప్. తుపాకీ మీది అద్దంలోంచి చూసి గురిపెట్టడానికి ఒక బటన్ ఉంటుంది. దాన్ని రెండు రకాలుగా పెట్టుకోవచ్చు. నొక్కి పట్టుకున్నంతసేపే గురి నిలిచేలా ఒకటి, ఒకసారి తట్టి వదిలేస్తే మళ్ళీ తట్టేదాకా నిలిచేలా ఇంకోటి. మా పిల్ల మొదటి రకం వాడుతోంది, తొందరగా బయటికి రావచ్చని. కానీ గురి ఉన్నంతసేపూ వేలు బిగిసే ఉంటోంది. బిగించి పట్టుకోవడమే చేతిని ఎక్కువ తినేస్తుందని ఫిజియో ఆవిడ చెప్పింది. చపాతీలు ఒత్తడం కంటే నిండు బిందె ఒంటిచేత్తో పట్టుకుని నిలబడటం కష్టం కదా, అలాగన్నమాట. రెండో రకానికి మార్చాం.

రెండోది పేల్చే బటన్. ఎడమవైపు కూడా ఒకటి పెట్టుకునే వీలుంది. దాన్ని తెర పైమూలకి జరిపి, ఎడమ చూపుడువేలికి అప్పగించాం. ఇప్పుడు కుడి బొటనవేలు గురి ఒక్కటే చూసుకుంటుంది. ఎడమచేత్తో కూడా బాణం వెయ్యగలడు కాబట్టే అర్జునుడికి సవ్యసాచి అని పేరొచ్చిందని చెప్పాను. తెలుగులో బి.ఏ. చదివినందుకు ఈ మాత్రమైనా పనికి రావద్దూ! పిల్ల వెంటనే ఆటలో తన పేరు సవ్యసాచి అని మార్చేసుకుంది.

మూడోది సెన్సిటివిటీ. అది మరీ తక్కువగా ఉంటే ఒక్కసారి వెనక్కి తిరిగి చూడాలన్నా బొటనవేలితో తెరని నాలుగుసార్లు తుడవాలి. ఎక్కువ పెడితే చిన్న కదలికకే తిరుగుతుంది గానీ గురి వణుకుతుంది. నడిమధ్య ఎక్కడో తన చేతికి కుదిరే చోటు ఉంటుంది, అది ఎవరికి వాళ్ళు వెతుక్కోవాల్సిందే. బెంగళూరు మేనల్లుడి అంకెలు యథాతథంగా ఎక్కించుకుంది ఇన్నాళ్ళూ. వాడి చెయ్యి దీని చేతికి ఒకటిన్నర ఉంటుంది.

నాలుగోది గైరోస్కోప్. ఫోన్‌నే అటూ ఇటూ కొంచెం వంచితే గురి జరుగుతుంది, వేలితో తుడవక్కర్లేదు. వేలికి హాయే, కానీ ఆ పని మణికట్టు మీద పడుతుంది. అందుకని స్కోప్ తెరిచినప్పుడు మాత్రమే పనిచేసేలా పెట్టి, మోచేతుల కింద దిండు వేశాం.

మొదటి నాలుగు రోజులూ ఆట మొదలైన రెండు నిమిషాలకే చచ్చిపోయేది (ఆటలో లెండి!). వైజాగ్ అబ్బాయి జట్టులోంచి తీసేస్తానన్నాడు కూడా. పాత అలవాటు చేతికి అంత గట్టిగా పట్టుకుంటుంది. ఆ రోజుల్లో నాకు ఏకలవ్యుడు గుర్తొచ్చేవాడు. బొటనవేలు ఇచ్చేశాక మిగిలిన వేళ్ళతో బాణం వేశాడు, కానీ మునుపటి వేగం రాలేదని భారతం చెబుతుంది. ఆయనకి ఆ వేలు తిరిగి రాదు. మన పిల్లలకి అది ఇంకా చేతికే ఉంది, కాస్త పని తగ్గిస్తే చాలు.

చేతి కొలతలు అన్నాను కదా. మైక్రోసాఫ్ట్ వాళ్ళు 2001లో మొదటి ఎక్స్‌బాక్స్ తెచ్చినప్పుడు దానితో వచ్చిన కంట్రోలర్ ఎంత పెద్దదంటే, జపాన్ వాళ్ళ కోసం వేరే చిన్నది తయారుచెయ్యాల్సి వచ్చింది. తీరా చూస్తే ఆ చిన్నదే అందరికీ నచ్చి, తరవాత అన్ని దేశాల్లోనూ అదే ఇచ్చారు. అదే కంపెనీ 2018లో చేతులు సరిగా పనిచెయ్యని వాళ్ళ కోసం అడాప్టివ్ కంట్రోలర్ తెచ్చింది. ఎవరికి ఏ బటన్ ఎక్కడ కావాలో అక్కడ తగిలించుకోవచ్చు, కాలితో నొక్కేది కూడా. 2020లో వచ్చిన 'ద లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ టూ' అనే ఆటలో ఇలాంటి సౌకర్యాలు అరవైకి పైగా ఉన్నాయి. ఆటని మనిషికి తగ్గట్టు మార్చడం ఎప్పుడో మొదలైంది. మన ఇళ్ళకే ఆ కబురు అందలేదు.

మన దగ్గర మాట్లాడేదంతా గంటల గురించే. 2020 సెప్టెంబరు 2న ప్రభుత్వం నిషేధించిన 118 యాప్‌లలో పబ్జీ ఉంది. 2021లో అది బీజీఎంఐగా వచ్చింది, 2022లో మళ్ళీ ఆగింది, 2023 మేలో తిరిగి వచ్చినప్పుడు 18 ఏళ్ళ లోపు వాళ్ళకి రోజుకి 3 గంటలు, పెద్దవాళ్ళకి 6 గంటలు అని హద్దు పెట్టారు. హద్దు ఉండాల్సిందే, నేను కాదనను. మా ఇంట్లో ఇప్పుడు అరగంటకోసారి ఫోన్ పక్కన పెట్టడం అనే హద్దు కూడా ఉంది. కానీ చెయ్యి తప్పుగా పెట్టి ఆడే గంట, సరిగ్గా పెట్టి ఆడే గంట చేతికి ఒకటి కావు. ఎన్ని గంటలని అడిగితే పిల్లలు అబద్ధం చెబుతారు. ఎలా పట్టుకుంటున్నావని అడిగితే ఫోన్ తెచ్చి చూపిస్తారు.

పట్టీ కట్టుకుని, చెప్పిన వ్యాయామాలు చేసి, ఆట మూడు వారాలు పూర్తిగా ఆపి, తరవాత కొత్త సెట్టింగ్స్‌తో కొంచెం కొంచెంగా మొదలుపెట్టింది. రెండు నెలలకి పెన్ను కింద పెట్టకుండా గంటన్నర రాయగలిగింది. పరీక్షలకి ఇంకా సమయం ఉంది. మీ పిల్లలకీ ఇలాగే ఉంటే ఇది చదివి సరిపెట్టుకోకండి, డాక్టరుకి చూపించండి. అన్ని నొప్పులూ ఇదే కానక్కర్లేదు.

ఇంకొక్క మాట. మావారి ఆఫీసులో కుర్చీ ఎత్తు, తెర ఎత్తు, మౌస్ పెట్టే చోటు చూసి సరిచెయ్యడానికి ఒక మనిషి వస్తాడు. హైటెక్ సిటీ చుట్టుపక్కల లక్షల చేతులు కీబోర్డు మీద బతుకుతున్నాయి కాబట్టి వాళ్ళకి ఆ శ్రద్ధ తప్పదు. మరి ఈ అపార్టుమెంట్లలో వంటగట్టు ఎత్తు ఎవరిని చూసి కట్టారో! నాకది రొమ్ముదాకా వస్తుంది. భుజాలు పైకెత్తి కూరలు తరుగుతాను. మొన్న మా అమ్మాయి టేపు పట్టుకొచ్చి, నా మోచెయ్యి నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో, గట్టు ఎంత ఉందో కొలిచింది. "అమ్మా, నీ గట్టుకి సెట్టింగ్స్ లేవు, నిన్నే పైకి జరపాలి" అని తేల్చింది. వడ్రంగికి చెప్పి మూడంగుళాల చెక్కపీట, పొడుగ్గా, గట్టు పొడవునా చేయించాం. తడి దుప్పట్లు చేత్తో మెలితిప్పి పిండటం కూడా మానేశాను.

మీ వంటగట్టు మీ మోచేతికి పైన ఉందా, కిందుందా? ఒకసారి కొలుచుకుని నాకు చెప్పండి.