కరెంటొచ్చింది!

మొన్న ఆదివారం రాత్రి ఇడ్లీకి పిండి రుబ్బుతుంటే ఠక్కున కరెంటు పోయింది.

"అయ్యో, పప్పింకా నలగనే లేదు!" అన్నాను.

"జర ఆగరాదు, అరగంటకు ఏం కొంపలు మునుగుతయి?" అన్నారు మావారు, నా సీరియల్ ఆగినందుకు లోలోపల సంతోషిస్తూ.

అరగంటట! జనగామ దగ్గర మా పుట్టింట్లో బాపు కరెంటు కోసం రాత్రులకు రాత్రులే ఆగేవాడు. పొలాలకు కరెంటు విడతలు విడతలుగా ఇచ్చే రోజులవి. ఓ వారం పగలైతే, ఇంకో వారం అర్ధరాత్రి. బాపు టార్చిలైటు పట్టుకుని బావి దగ్గరికి బయల్దేరితే అమ్మకి నిద్ర ఉండేది కాదు. పాముల భయం ఒకటి, తడిచేత్తో స్టార్టరు ముట్టుకుంటాడేమోనన్న భయం ఇంకొకటి. తెల్లవారుజామున వాకిట్లో చెప్పుల చప్పుడు వినబడ్డాకే ఆవిడ కళ్ళు మూతపడేవి. లో వోల్టేజీకి మోటారు కాలిందా, ఇక అమ్మ గాజులు తాకట్టుకే!

2004లో సేద్యానికి ఉచిత కరెంటు వచ్చింది. బిల్లు పోయింది గాని జాగారం పోలేదు.

పెళ్ళయి మానుకోట వస్తే అక్కడ ఇంకో ముచ్చట. 2012లో పరిశ్రమలకే పవర్ హాలిడేలు పెట్టారు కదా! గిర్నీ ముందు మిరపకాయల డబ్బాలు వరసకట్టి ఉండేవి. గిర్నీ ఆగితే మనకు కారం ఆలస్యం, అంతే. అందులో పనిచేసే పిల్లకు మాత్రం ఆ పూట కూలే లేదు. "రోకలి లేదా?" అని మా అత్తమ్మ దంచబోయింది. సాయంత్రం దాకా ఇల్లిల్లంతా తుమ్ములే!

మా ఆడబిడ్డది భూపాలపల్లి. బొగ్గు అక్కడే, దాన్ని కాల్చే కాకతీయ థర్మల్ కేంద్రమూ ఆ పక్కనే చెల్పూరులో. 2010లో 500, 2016లో 600 మెగావాట్ల యూనిట్లు వచ్చాయి. "మీకేం, వెలుగే వెలుగు" అన్నానోసారి. "మీకు స్విచ్చేస్తే వెలుగు వదినా. మాకు ఆయన గని దిగి ఇల్లు చేరితేనే వెలుగు" అంది. నా నోరు మూతపడింది.

2018 జనవరి 1 నుంచి సేద్యానికి ఇరవైనాలుగు గంటల కరెంటు మొదలైంది. దానికి ముందే ఆటోస్టార్టర్లు తీసెయ్యమన్నారు. కరెంటు రాగానే మోటారు తనంతట తానే తిరిగితే బోర్లు ఎండిపోవూ? బాపు తనది పీకేశాడు. "కరెంటు ఒప్పుకున్నా బోరు ఒప్పుకోవద్దా బిడ్డా!" అన్నాడు. అప్పట్నుంచి పగలే వెళ్ళి, చాలినన్ని నీళ్ళు పెట్టి, మోటారు ఆపి రావడం అలవాటు చేసుకున్నాడు.

ఇలా అనుకుంటుండగానే వంటింట్లో గ్రైండరు గర్రున తిరిగింది. స్విచ్చి ఆపడం మరిచాను. నాదీ ఆటోస్టార్టరే!

పరుగెత్తి ఆపి, అమ్మకి ఫోను చేశాను.

"బాపు ఏడి?"

"ఎప్పుడో పండుకున్నడు."

"మరి నువ్వు?"

"నాకింకా నిద్ర రాదు బిడ్డా. అలవాటైపోయింది."