పసుపు కారు చెప్పని రహస్యం

'అమెరికన్ గ్రాఫిటీ' (1973) చూశారా? అందులో రివ్వున దూసుకుపోయే పసుపు కారు 1932 నాటి ఫోర్డే. కానీ బానెట్ కింద ఉన్నది షెవర్లే ఇంజను సుమండీ! అసలు ఫోర్డు గొంతు వినాలని నేను కాలిఫోర్నియాలోని ఎల్ మిరాజ్ వెళ్లాను. లాస్ ఏంజెల్స్ నుంచి కారులో రెండు గంటల దారి. అదొక ఎండు సరస్సు. నీటిచుక్క లేదు, అంతా దుమ్మూ, పెట్రోలు వాసనా!

పాత కారును విప్పి, బరువు తగ్గించి, ఇంజనుకు పదును పెడితే అదే హాట్ రాడ్. 1932లో ఫోర్డు తెచ్చిన వి-8 ఇంజను బలం 65 హార్స్ పవరే. వాల్వులు సిలిండర్ల పక్కనే బ్లాకులో ఉంటాయి కనుక పైన హెడ్డు పలకలా చదును. అందుకే ఫ్లాట్‌హెడ్ అన్నారు. కుర్రకారు దీనికి రెండు మూడు కార్బొరేటర్లు తగిలించి, అల్యూమినియం హెడ్లు బిగించి, మెర్క్యురీ కారు క్రాంకు వేసి, పిస్టన్ నడక నాలుగంగుళాలకు పెంచేశారు!

చిక్కల్లా ఒకటే. వేడి పొగ బ్లాకులోంచే బయటికి పోవాలి. నీళ్లు మరుగుతాయి, ఇనుము చిట్లుతుంది. అందుకని మెకానిక్కు ముందు అయస్కాంతం పెట్టి ఇనుప పొడి చల్లుతాడు. పొడి గీతలా పేరుకుందా, పగులున్నట్టే! అమెరికాలో ఫోర్డు కార్లకు ఈ ఇంజను 1953తో సరి. పాత బ్లాకు ఒకటి పోయిందంటే లోకంలో ఒకటి తగ్గినట్టే.

ఈసారి ఆ సినిమా చూస్తే పసుపు కారును కళ్లారా చూడండి. చెవులు మాత్రం ఎల్ మిరాజ్‌కి అప్పగించండి!