వంటయిల్లుగల విడిది

సత్రమునకును గృహమునకును భేదమేమని యెవరైన నడిగినచో, సత్రమున మనకై యితరులు పాటుపడుదురు, గృహమున మనమే పాటుపడుదుమని చెప్పుట వాడుక. ఆ ‘మనము’ అను మాటలో ఎవరెవరు చేరుదురన్నదే ప్రశ్న. ఫ్రాన్సున నుద్యోగము చేయుచున్న మా తమ్ముడు టిక్కెట్లు పంపగా, మొన్నటి వేసవి సెలవులలో మేమును మా గృహిణియు మధ్యధరా సముద్రతీరమునందలి నీస్ నగరమున ఒక వారము గడపితిమి. ఈ ప్రశ్న మాకు అచ్చటనే స్పష్టమైనది.

ఈ నగరము 1860లో ఫ్రాన్సున చేరినది. అంతకు పూర్వమే ఆంగ్ల ధనికులు చలికాలము గడపుటకై ఇచ్చటికి వచ్చుచుండిరి. సముద్రము వెంబడి సాగు విశాలమైన బాటకు నేటికిని ‘ఆంగ్లేయుల విహారమార్గ’మనియే పేరు. వారికొఱకు వెలసిన విడుదులు రాజభవనములను బోలియుండెను. సిమియే గుట్టమీది ‘రెజీనా’ 1897లో తెఱవబడగా విక్టోరియా రాణి పరివారముతో అందు బసచేసెను. అట్టి చోట్ల అతిథి గంట మ్రోగించిన చాలును, చేయువారు వేఱు. పిమ్మట కాలము మాఱి, ఆ రెజీనాయే వేఱువేఱు నివాసములుగ విభజింపబడినది. చిత్రకారుడు మతీస్ 1938లో అందొకదానిలో కాపురము పెట్టెను. రాణిగారి విడిది గృహస్థుల వాటాలయ్యెను.

మేము దిగినది నేటి పద్ధతి విడిది. దానిని అపార్ట్‌హోటల్ అందురు. శాకాహారులమగుటచే అదియే మాకు అనుకూలము. ఉన్నది ఒకే గది. ఒక ప్రక్క మంచము, ఒక ప్రక్క రెండు విద్యుత్తు పొయ్యిలు, చిన్న ఫ్రిజ్జు, తొట్టి. పళ్లెములు, గిన్నెలు, చెంచాలు ఎన్నెన్ని గలవో తెలుపు పట్టిక గోడకు వ్రేలాడుచున్నది. దినదినమును ఊడ్చువారు రారు. కావలసినచో వేఱుగ రుసుము చెల్లింపవలెను. వెళ్లునపుడు అంట్లు తోమి, చెత్తను వేఱుపఱచి పెట్టవలెను. పిలుచుటకు గంట లేదు.

గదిలో అడుగుపెట్టగానే మా గృహిణి నవ్వుచు, “ఏమండీ, వంటయిల్లు మనకంటె ముందే వచ్చి కూర్చున్నదే! ఇక నాకు సెలవెప్పుడు?” అనెను.

ఆ నవ్వులోని మాట నవ్వి త్రోసివేయదగినది కాదు. ఆ పొయ్యియొద్ద ఆమె యొక్కతెయే నిలిచినచో, ఆమెకు ఈ ప్రయాణము వంటయిల్లు మార్చుటయే గాని విశ్రాంతి కాదు. కావున ఉదయమామె, సాయంకాలము మేము వండునట్లును, వండనివారు అంట్లు తోమునట్లును ఏర్పఱచుకొంటిమి. కూర్ సలేయా అను వీధియంగడిలో వంకాయలు, టమాటాలు తెచ్చుచుంటిమి. సోమవారమున అచ్చట కూరలకు బదులు పాతసామానులు అమ్ముదురు. ఆనాడు ‘సొక్కా’తో గడచినది. శనగపిండిని నీటను, ఆలివునూనెతోను కలిపి, పెద్ద రాగిపళ్లెమున పోసి కట్టెలపొయ్యిలో కాల్చి, మిరియాలపొడి చల్లి యిత్తురు. మన శనగపిండి అట్టునకు దూరపు చుట్టము. తక్కిన సాయంకాలములందు మేము వంకాయలు తఱుగుచుండగా ఆమె కిటికీదగ్గఱ కూర్చుండి నవల చదివెను. నడుమనడుమ ఉప్పు చాలదని చెప్పెను.

ఇంటికి దీపము ఇల్లాలని పొగడుచునే మన పెద్దలు ఆ దీపమును పొగచూరిన మూలయందు నిలిపిరి. నేడు హైదరాబాదు, విశాఖపట్టణములందలి క్రొత్త వాటాలలో వంటయింటి గోడ తీసివేయుచున్నారు. పొగయు తగ్గినది. కాని గోడ తీసినంతమాత్రమున పని పంచబడునా? అచ్చట నిలుచునది యిప్పటికిని ఆమెయే. కూర్చుండి చూచువారికి మాత్రము చూపు అడ్డము తొలగినది.

పరదేశమున నెవరును చూడరు గనుక పురుషుడు గరిటె పట్టవచ్చును, స్వగ్రామమున అత్తగారేమందురు, ఇరుగుపొరుగువారేమందురు అని కొంద ఱాక్షేపింతురు. దానికి మందు బాల్యముననే వేయవలెను. అన్నమునకు ఎసరెంత పోయవలెనో చెప్పగలవారు చేతులెత్తుడని మా తరగతిలో నడిగితిమి. బాలికల చేతులన్నియు లేచినవి; బాలురవి రెండు మూడు. లెక్కలలో వారందఱును సమానులే! తలిదండ్రులారా, ఈ యాదివారము మీ కుమారుని చేతికి బియ్యపుగిన్నె నిండు. అన్నము మాడిన మాడనిండు. ఆ గిన్నెను కూడ వానిచేతనే తోమింపుడు.