పాకాల జంక్షన్లో కాచుకున్న రోజులు

మా స్టేషను వయసులో మా జిల్లా కన్నా పెద్దది. 1890ల మొదట్లో సౌత్ ఇండియన్ రైల్వే కంపెనీ విల్లుపురం నుంచి కాట్పాడి, చిత్తూరు, పాకాల మీదుగా ధర్మవరం దాకా మీటరు గేజి పట్టాలు వేసింది. అప్పట్లో మేం ఉత్తర ఆర్కాటు కింద ఉండేవాళ్లం. చిత్తూరు జిల్లా పుట్టింది 1911లో. ఉత్తర ఆర్కాటు నుంచి చిత్తూరు, చంద్రగిరి తాలూకాలు, కడప నుంచి మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు తెచ్చి ఒక జిల్లా చేశారు గానీ, ఆ రెండు సీమల్నీ పట్టాలు అంతకు ముందే కలిపేశాయి. 2022లో ఆ జిల్లానూ చీల్చి పాకాలను తిరుపతి జిల్లాలో వేశారు. రైల్వేలోనూ అంతే, దక్షిణ రైల్వే పోయి 1977లో దక్షిణ మధ్య రైల్వే వచ్చింది. బోర్డు మీద పేరు మాత్రం పాకాల జంక్షనే.

మూడు దార్లు ఇక్కడ కలుస్తాయి. చంద్రగిరి మీదుగా తిరుపతికి ఒకటి, చిత్తూరు మీదుగా కాట్పాడికి ఒకటి, పీలేరు, కలికిరి, ములకలచెరువు, కదిరి దాటుకొని ధర్మవరానికి ఒకటి. మూడో దారే పొడుగు, 220 కి.మీ. పైచిలుకు. ఒక బండి దిగినవాళ్లు ఇంకో బండి కోసం కాచుకోవాల్సిందే. ఆ కాచుకోవడం మీదే ఊరు బతికింది. టీ అంగడి, ఇడ్లీ బుట్ట, మల్లెపూల మూరలు, జట్కాలు, పొద్దుపోయి వచ్చినవాళ్లకు పడక, అన్నీ దానివల్లే. కోటా లేదు, పేరున్న కోనేరూ లేదు మా ఊళ్లో. ఎవరైనా చుట్టాలొస్తే కాణిపాకం తీసుకుపోయేవాళ్లు, లేకపోతే చంద్రగిరి కోటకు. సాయంత్రమైతే స్టేషనుకే.

స్టేషన్లో చూడ్డానికి చాలా ఉండేది. ఒంటి లైను కాబట్టి డ్రైవరు చేతిలో టోకెను లేకుండా బండి కదిలేది కాదు. రెండు స్టేషన్లలోని మిషన్లకు తీగలతో లంకె. ఒక చోట టోకెనుగా ఇచ్చే ఇనుప గుండు బయటికొచ్చిందంటే, అది అవతలి స్టేషను చేరేదాకా ఇంకో గుండు రాదు. ఇంత భద్రత ఒక గుండులో పెట్టిన బుర్ర ఎవరిదో గానీ, దండం పెట్టాలి. ఆ గుండును తోలు సంచిలో వేసి పెద్ద రింగుకు కట్టేవాళ్లు. పాకాలలో అన్ని బండ్లూ ఆగేవి కాబట్టి చేతికిచ్చేవాళ్లు. ఆగకుండా పోయే బండిలోంచి ఫైర్‌మన్ పాత రింగు పారేసి, కొత్త రింగును మోచేతికి తగిలించుకునే విద్య చూడాలంటే చిన్న స్టేషనుకు పోవాల్సిందే. మందపాటి అట్ట టిక్కెట్లు, వాటి మీద టక్కుమని తేదీ గుద్దే మిషను, ఇంజనుకు నీళ్లు పట్టే ఏనుగు తొండం లాంటి గొట్టం, పెట్టెలో ఎదురెదురుగా కూర్చుంటే తగిలే మోకాళ్లు, అన్నీ పోయాయి. మోకాళ్ల సంగతికి నాకు బాధ లేదు.

మా అవ్వ దృష్టిలో మాత్రం అది జబ్బుల జంక్షను. కదిరి, ములకలచెరువు వైపు నుంచి రోగుల్ని దుప్పట్లో చుట్టి తెచ్చేవాళ్లు. డాక్టర్ ఐడా స్కడర్ 1900లో ఒక్క మంచంతో మొదలుపెట్టిన రాయవేలూరు ఆస్పత్రికి పోవాలంటే కాట్పాడిలో దిగాలి మరి. అటునుంచి, అరవ దేశం నుంచి, క్షయ రోగులు ఎదురొచ్చేవాళ్లు. వాళ్లు పోయేది మదనపల్లె దగ్గర ఆరోగ్యవరానికి. డెన్మార్కు డాక్టర్ ఫ్రిమాట్ మోలర్ చేతుల మీదుగా 1912లో మొదలైన శానిటోరియం అది. మందులు రాని కాలంలో మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి, ఇవే వైద్యం. ఒకే ప్లాట్‌ఫారం మీద ఇటు పోయేవాళ్లూ, అటు పోయేవాళ్లూ. "యాడికి పోతారు తల్లీ?" అని అడిగి, చెంబుతో నీళ్లిచ్చి, దగ్గేవాళ్ల నుంచి మాత్రం పిల్లల్ని దూరంగా నెట్టేది అవ్వ. "ఈడ దిగి ఆడెక్కల్ల నాయనా, తొందర పడొద్దండి" అని దారి చెప్పడం ఆమెకు ఉద్యోగమైపోయింది, జీతం లేకుండా.

1992లో రైల్వే దేశమంతా ఒకే గేజి చేయాలని పూనుకుంది. మీటరు గేజి వెడల్పు 1,000 మి.మీ., బ్రాడ్‌గేజి 1,676 మి.మీ. మా వంతు 2000 తర్వాత వచ్చింది. ముందు తిరుపతి, కాట్పాడి దారి, ఆ తర్వాత ధర్మవరం దారి. పట్టాలు పీకేసిన రోజుల్లో జనం బస్సులకు అలవాటు పడ్డారు. పెద్ద బండ్లు తిరిగి వచ్చేసరికి అంగళ్లు రోడ్డు మీదికి చేరిపోయాయి. మంచి బండ్లే, వేగం ఎక్కువ. అయితే బండి ఆగేది రెండు నిమిషాలే, అందులో దిగి టీ తాగేవాడెవడు?

మీటరు గేజి చివరి రోజుల్లోనే మా మండలంలోని గాదంకికి ఒక కొత్త వింత వచ్చింది. చుట్టూ కొండలున్న ఆ పల్లెలో, రేడియో గోల లేదని చూసుకొని, 53 మెగాహెర్ట్జ్ రాడార్ పెట్టారు. 1,024 యాంటెనాలు ఆకాశానికి ముక్కులెత్తి నిలబడ్డాయి. మబ్బు లేకపోయినా పైన గాలి ఎటు వీస్తోందో అది చెబుతుంది. 2005 నుంచి అది జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల. దేశదేశాల శాస్త్రవేత్తలకు గాదంకి తెలుసు. పక్కనే ఉన్న మాలో చాలామందికి అది "రాడారాఫీసు", అంతే.

రైలుతో పని లేకుండా బతికింది మా మండలంలోనే ఉన్న దామలచెరువు మామిడి మండీ. ఒకప్పుడు తట్టల్లో వరిగడ్డి పరిచి కాయలు పేర్చేవాళ్లు. ఇప్పుడు ప్లాస్టిక్ పెట్టెలు. సీజన్లో రోడ్డుకు రెండు పక్కలా ట్రాక్టర్లు నిలుస్తాయి. బేనీషా తినే జనం కోసం, తోతాపురి గుజ్జు ఫ్యాక్టరీల కోసం. ధర పడిపోయిన ఏడు రైతు ఆ ట్రాక్టరు మీదే కూర్చొని రెండు రోజులు కాచుకుంటాడు. రైలు కోసం కాచుకోవడం పోయినా, కాచుకునే పని మాత్రం రైతుకు మిగిలింది. ప్రభుత్వం ధర ప్రకటించినా, ఫ్యాక్టరీ గేటు తెరిచేదాకా అతనికి అది కాగితమే.