లాల్ టోపీ, నారింజ టోపీ

అమ్మీకి పొద్దున 20 యూనిట్ల ఇన్సులిన్. విజయవాడ నుంచి బందరులో చెల్లెలింటికి వెళ్లినప్పుడు సిరంజిలు అయిపోయాయి. దుకాణంవాడు నారింజ టోపీవి ఇచ్చాడు. ఇంట్లో ఎప్పుడూ వాడేది లాల్ టోపీది. సూది వేసేముందు చెల్లెలు మా ఖాలా బిడ్డకు ఫోన్ చేసింది. ఆమె నర్సు.

"రుకో! సీసా మీద ఎంతుంది?"

"40."

లాల్ టోపీ 40కి, నారింజ టోపీ 100కి. మన దగ్గర సీసాలు ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లవి. ఆ మందు నారింజ సిరంజిలో 20 గీత దాకా లాగితే లోపలికి పోయేది 8 యూనిట్లే. ఉల్టా అయితే ఇంకా ఖతర్నాక్: పెన్ను మందు 100ది, దాన్ని లాల్ టోపీ సిరంజితో 20 దాకా లాగితే 50 యూనిట్లు! చెమటలు, వణుకు, బేహోషీ. జాన్ కూడా పోవచ్చు.

"హిసాబ్ వేసి సర్దుకోవద్దు భయ్యా, సిరంజి మార్చండి. వార్డులో మేం కూడా ఇంకో నర్సుకు చూపించాకే సూది వేస్తాం" అని నాకూ చెప్పింది.

అమ్మీకి వచ్చింది ఉర్దూ; సీసా మాట్లాడేది అంగ్రేజీ. అందుకే మందు డబ్బా మీద ఉర్దూలో రాసి అంటించాను: చాలీస్, లాల్ టోపీ. మీ ఇంట్లో పెద్దల సీసా, సిరంజి కూడా ఈరోజే ఒకసారి చూడండి.